బెజవాడ పెళ్లిపూలు

కృష్ణాతీరపు పూలదండకు మిగిలిన పాత సాక్ష్యాల్లో ఒకటి రాతిలో ఉంది. విజయవాడకు ఎగువన సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని అమరావతి మహాస్తూపం చుట్టూ ఒకప్పుడు తెల్లని సున్నపురాతి ప్రాకారం ఉండేది. క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటి ఆ ప్రాకారం పైవరస పొడవునా శిల్పులు ఒక పెద్ద దండ చెక్కారు. అది మెడలో వేసుకునే మాల కాదు. బాగా లావుగా, మెలికలు తిరుగుతూ సాగిపోయే పూలచుట్ట. దాన్ని ఎత్తుకుని మోస్తున్న మనుషులు బరువుకు ఒంటిని ఒక పక్కకు వంచి నిలబడ్డారు. దండ మెలికలో కిందికి దిగిన ప్రతిచోటా పైన మిగిలిన ఖాళీలో ఒక స్తూపమో, ధర్మచక్రమో, బోధివృక్షమో కనిపిస్తుంది. ఆ రాళ్లు కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, మరికొన్ని 1880 నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. దండ మోయడానికే అంతమంది కావలసి వస్తే కట్టడానికి ఎంతమంది కూర్చున్నారో శిల్పి చెప్పలేదు. పూలు కట్టే చేతులు కనిపించకపోవడం అప్పటినుంచే ఉంది.

ఆ దండ స్తూపానిది, పెళ్లిది కాదు. అయినా ఈ ప్రాంతంలో పెళ్లిపూల కథ దేవుడి పూలతోనే మొదలుపెట్టాలి. విజయవాడ ఇంద్రకీలాద్రి మీది శివుడి పేరు మల్లేశ్వరుడు. బ్రహ్మ మల్లెపూలతో అర్చించినందువల్ల ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. అదే కొండ మీద దుర్గమ్మకు చైత్రమాసపు వసంత నవరాత్రుల్లో రోజుకొక రకం పూలతో పుష్పార్చన చేస్తారు. నది దిగువన ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు ఆలయం ఉంది. కళింగ దండయాత్రకు వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆగినప్పుడు స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని 'ఆముక్తమాల్యద' అవతారికే చెబుతుంది. ఆ కావ్యం పేరుకు అర్థం, తాను ముడిచి విడిచిన మాలను ఇచ్చినది అని. దేవుడి కోసం కట్టిన దండను ముందుగా తాను ధరించి చూసుకున్న గోదాదేవి కథ అది, చివరికి ఆమె పెళ్లి కథ కూడా. కల్యాణం నాడు వధూవరులను లక్ష్మీనారాయణులుగా చూసే ఆచారం వల్ల దేవుడి మెడలోని దండకూ పెళ్లికొడుకు మెడలోని దండకూ తేడా తక్కువ. రెంటికీ అవే పూలు, అదే కట్టు. కొన్ని తరాల పాటు కట్టిన చేతులూ ఒకటే. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో గుళ్లలో సేవ చేసే చాత్తాద శ్రీవైష్ణవుల వృత్తుల్లో దండలు కట్టడాన్నీ, తాటాకుతో పూలబుట్టలు అల్లడాన్నీ నమోదు చేశాడు.

పెళ్లికి పూలు కొనడం డెల్టా పల్లెల్లో ఆలస్యంగా వచ్చిన అలవాటు. పెరట్లో మల్లెపాదు, దడి మీద సన్నజాజి, బావి దగ్గర నందివర్ధనం, కుండీలో మరువం ఉన్న ఇంటికి పూల బజారుతో పని ఉండేది కాదు. చాలకపోతే ఇరుగుపొరుగు పెరళ్లు ఉండేవి. పందిరికి కావలసింది పూల కంటే ఆకు. తాటాకు పందిరి, గుంజలకు అరటిబోదెలు, గుమ్మాలకు మామిడి తోరణాలు, చీల్చి అల్లిన కొబ్బరాకు చిలకలు, ఇవన్నీ ఊళ్లోనే దొరికేవి, వాటిని కట్టేవాళ్లూ ఊళ్లోనే ఉండేవారు. పువ్వు పని మనిషి ఒంటి మీద: నుదుట కట్టే బాసికం, మెడలో దండ, వియ్యాలవారి ముందు ఆడించే పూలబంతి, తలంబ్రాల పళ్లెంలో కలిపే రేకులు, అన్నిటికంటే ముఖ్యంగా పెళ్లికూతురి జడ.

పూలజడ ఈ ప్రాంతపు పూలపనిలో గొప్ప నమూనా. అది వేయడానికి పూట పడుతుంది. ముందు విచ్చని మల్లెమొగ్గలను కాడలు సమంగా తుంచి వేరుచేస్తారు. అరటిపట్టను జడ పొడవుకు కోసి, దాని మీద మొగ్గలను వరుసలుగా సూదితో కుడతారు. తెలుపు మధ్యలో కనకాంబరాల నారింజ గీత, అంచున మరువం పచ్చ. మొగలిరేకు దొరికే కాలమైతే దాన్ని ముక్కోణంగా మడిచి ఇరువైపులా పేరుస్తారు. మొగలి పొదలు తీరప్రాంతపు ఇసుకనేలల్లో పెరుగుతాయి. ముళ్ల మధ్య నుంచి రేకు కోయడం పామున్నచోట చెయ్యి పెట్టడమేనని ఊళ్లలో చెప్పుకుంటారు. కుట్టిన పట్టను జడ మీద ఆనించి వెనకనుంచి దారంతో బిగిస్తారు. పైన బంగారు నాగరం, కింద జడకుచ్చులు. ఇంత చేసినా దాని ఆయుష్షు ఒక్క రాత్రి. మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి, తెల్లారేసరికి రంగు మారతాయి. అందుకే ముహూర్తం ఎప్పుడన్నదాన్ని బట్టి మొగ్గ ఎంత ముదురుగా ఉండాలో పెద్దవాళ్లు లెక్క చూసేవారు. అర్ధరాత్రి ముహూర్తానికి ఒక మొగ్గ, పొద్దున పది గంటల ముహూర్తానికి ఇంకో మొగ్గ.

పెళ్లికి మాత్రమే కాదు, వేసవి సెలవుల్లో ఇంట్లో ఆడపిల్లలకు ఒకసారైనా పూలజడ వేసి ఫొటో తీయించడం కోస్తా కుటుంబాల ముచ్చట. పట్నపు స్టూడియోల్లో అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి వెనక అద్దం పెట్టేవారు. ముఖమూ జడా ఒకే ఫొటోలో పడాలి. ఇరవయ్యో శతాబ్దపు నలుపు తెలుపు ఆల్బములు తిరగేస్తే పూలజడలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆ అద్దాలే ఆధారం.

పెళ్లిళ్లను పెరటి పూల నుంచి బజారు పూలకు మళ్లించింది నీళ్లూ రైలూ. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దానితో కాలువలు బలపడ్డాయి, డెల్టా అంతా వరిపొలమైంది. 1888లో బెజవాడ పురపాలక సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు హైదరాబాద్ వైపు నుంచి నిజాం రైలు వచ్చింది. 1893లో నది మీద రైలు వంతెన పూర్తయింది. ఇంద్రకీలాద్రి కింద ఒదిగి ఉన్న పాతఊరు కాలువలు దాటి తూర్పుకు పాకింది. అలా పెరిగిన పేటల్లో గవర్నర్‌పేట ఒకటి. ఏలూరు రోడ్డుకూ బందరు రోడ్డుకూ మధ్య, వాటిని కలిపే బీసెంట్ రోడ్డు చుట్టూ, దుకాణాలూ హోటళ్లూ లాడ్జీలూ వకీళ్ల ఇళ్లూ వెలిశాయి. అద్దె ఇంటికి పెరడు ఉండదు. వరి పండే ఊరి నుంచి వచ్చి పట్నంలో రెండు గదుల్లో కాపురం పెట్టిన ఇల్లాలికి సాయంత్రం పూలు వీధి చివర బుట్ట దగ్గరే. పెళ్లి సామాను కోసం, చీరల కోసం, నగల కోసం డెల్టా ఊళ్ల నుంచి బెజవాడ వచ్చినవాళ్లు పూలు కూడా అక్కడే పురమాయించి వెళ్లడం మొదలైంది. పాతఊరి కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ, కాలువ గట్టు వెంట, గుడి దారుల్లో పూలబేరం స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు పేరు పెట్టుకున్న ఆ మార్కెట్ ప్రధానంగా కాయగూరలదీ పండ్లదీ. పూలబేరం ఆ సందడికి అంచున సాగింది. తర్వాతి కాలంలో టోకు వ్యాపారం రాజీవ్ గాంధీ హోల్‌సేల్ మార్కెట్‌కు చేరింది.

బజారుతో పాటు కొలత వచ్చింది. విడిపూలు తూకానికి, కట్టిన పూలు మూరకు. మూర అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. 1960ల తొలినాళ్లకు శేర్లూ వీశెలూ పోయి కిలోలు వచ్చాయి, గజాలు పోయి మీటర్లు వచ్చాయి. మూర మాత్రం ఎక్కడికీ పోలేదు. పొడుగు చేతుల మనిషి దగ్గర కొంటే లాభమన్నది పాత బేరగత్తెల జ్ఞానం. పొట్టి చేతుల అమ్మకందారు దానికి జవాబుగా చివర నాలుగు వేళ్ల కొసరు కలిపి తుంచి ఇస్తుంది. అసలు తేడా చేతి పొడవులో లేదు, కట్టులో ఉంది. మల్లెలు కట్టేటప్పుడు ఎడమచేతి వేళ్ల మధ్య దారం లేదా అరటినార పట్టుకుని, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు తలలు బయటికి వచ్చేలా పెట్టి, మెలి తిప్పి, ముడి లాగుతారు. దగ్గరగా కడితే మూరకు పూలు ఎక్కువ పడతాయి, దూరంగా కడితే తక్కువ. చెయ్యి తిరిగిన మనిషి చూడకుండానే కడుతుంది, మాట్లాడుతూనే కడుతుంది. చేమంతి, బంతి, లిల్లీలకు ఈ ముడి అంతగా నప్పదు. వాటిని ఎక్కువగా సూదితో గుచ్చుతారు. పెళ్లిదండలో ఈ రెండు పద్ధతులూ ఉంటాయి: గుచ్చిన పూలతో లావు, కట్టిన పూలతో అందం, కింద కుచ్చు.

ఈ కట్టే పని ఎప్పుడూ చవకగానే కొన్నారు. ఎక్కువగా ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని, కిలో విడిపూలు తీసుకుని కట్టి ఇచ్చి కూలి తీసుకునే పద్ధతి. పూల ధర రోజుకు మూడుసార్లు మారినా కట్టుకూలి అంత తొందరగా మారదు. దండ ధర రెట్టింపైన రోజున కట్టిన మనిషి కూలి కూడా రెట్టింపైందనుకోవడం పొరపాటు.

తోటలు పట్నం చుట్టూ వలయంలా ఏర్పడ్డాయి. మెట్ట వైపు మైలవరం ప్రాంతం మల్లెలకు పేరు. నది అవతల మంగళగిరి పక్కన నిడమర్రు, బేతపూడి లాంటి ఊళ్లలో మల్లెతోటలు పట్నం మీద ఆధారపడి పెరిగాయి. మల్లెరైతుకు వరిరైతులా ఏడాదికి ఒకటి రెండుసార్లు కాదు, కోత ఉన్నన్నాళ్లూ రోజూ డబ్బు కనిపిస్తుంది. 2014 చివర్లో, 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు ఆ తోటల రైతులు కొందరు చెప్పిన అభ్యంతరం ఇదే. ఇంకాస్త దూరంగా, రాజమహేంద్రవరం దగ్గర కడియపులంక నర్సరీలకూ పూల మార్కెట్‌కూ ప్రసిద్ధి. పూలు చీకటితో కోస్తారు. ఎండ తగిలితే మొగ్గ విచ్చుకోవడం మొదలవుతుంది కాబట్టి సూర్యుడు ఎక్కేలోగా తడిగుడ్డ కప్పిన బుట్టలు బస్సో ఆటోనో ఎక్కాలి.

పాతకాలపువని అందరూ అనుకునే పూలలో కొన్ని నిజానికి వలస వచ్చినవి. మల్లె, కనకాంబరం ఇక్కడివే. గుమ్మానికి కట్టే బంతి మెక్సికో నుంచి, పోర్చుగీసు ఓడల కాలంలో వచ్చింది. పెళ్లిదండకు వెన్నెముక లాంటి లిల్లీ, కొందరు నేలసంపెంగ అనే ఆ తెల్లపువ్వు, అదీ మెక్సికోదే. చేమంతి మొదటి ఊరు చైనా. రాయల కాలపు పందిరిని బంతిపూలతో ముంచెత్తే సినిమా సెట్లు ఈ లెక్కన కొంచెం తొందరపడ్డట్టే. పువ్వు వచ్చి నాలుగు వందల ఏళ్లయితే ఆచారంలో దానికి పుట్టుక అడిగేవాళ్లుండరు. ఇక్కడ మర్యాదలు వేరే రకం: బంతి గుమ్మానికి, సంక్రాంతి గొబ్బెమ్మకు, దసరా వాహనానికి బాగుంటుంది. జడలో దాని వాడకం తక్కువ. ఈమధ్య హల్దీ వేడుక ఉత్తరాది నుంచి వచ్చాక పసుపు రంగు కోసం బంతి పెళ్లింటి మధ్యకు చేరింది.

పూలను పెళ్లికి ఆభరణంగా కాక పెళ్లి మొత్తానికే సరిపోయే తంతుగా మార్చిన ఘట్టం కూడా ఈ డెల్టాదే. 'దండల పెళ్లి' అంటే కోస్తాలో అందరికీ తెలుసు: పురోహితుడు లేడు, హోమం లేదు, వేదిక మీద ఇద్దరూ దండలు మార్చుకుంటారు, పెద్దలు నలుగురు మాట్లాడతారు, అయిపోయింది. దీని వెనక రెండు మూడు పాయలున్నాయి. కృష్ణాజిల్లా అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి (1887-1943) సంస్కృత మంత్రాల బదులు తెలుగులో పెళ్లి జరిపే పద్ధతిని 'వివాహవిధి'గా రాసి, స్వయంగా పెళ్లిళ్లు చేయించారు. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902-1975) 1940లో ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. కులాంతర వివాహాలు, ఆడంబరం లేని పెళ్లిళ్లు దాని కార్యక్రమంలో భాగం. గోరా కుమార్తె మనోరమ పెళ్లిని సేవాగ్రాంలో జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత ఆ పెళ్లి 1948లో అక్కడే జరిగింది. కమ్యూనిస్టు ఉద్యమం బలంగా ఉన్న ఊళ్లలో పార్టీ నాయకుల సమక్షంలో దండలు మార్చుకోవడం మూడో పాయ. గాంధేయుల పెళ్లిళ్లలో పూలకు బదులు చేత్తో వడికిన నూలు దండలు కూడా కనిపించేవి.

గోరా మరో అడుగు వేశారు. అలంకారపు మొక్కల చోట కూరగాయలు పండించాలని ప్రచారం చేశారు. అలంకారం కంటే అన్నం ముఖ్యమని ఆయన వాదన. పూలమీద బతికే ఇళ్లవాళ్లు దానికి ఏమనుకున్నారో గానీ, పెళ్లిలో పువ్వుకు పెట్టే ఖర్చును బహిరంగంగా ప్రశ్నించిన ధోరణి ఈ పట్నంలో పాతదే.

దండల పెళ్లి చవక అనడంలో సందేహం లేదు. చట్టం మాత్రం దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆచార ప్రకారం జరిగే తంతును అడుగుతుంది. ద్రావిడ ఉద్యమ ప్రభావంతో మద్రాసు రాష్ట్రం 1967లో ఆ చట్టాన్ని సవరించి, దండలు లేదా ఉంగరాలు మార్చుకున్నా, తాళి కట్టినా పెళ్లేనని ప్రకటించింది. ఆంధ్రలో అటువంటి సవరణ రాలేదు. అందుకే ఇక్కడ దండల పెళ్లి చేసుకున్నవాళ్లు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవడం మేలని పెద్దలు చెప్పేవారు.

పూలు అందరివీ కావన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. భర్త పోయిన స్త్రీ తలలో పూలు పెట్టుకోవడానికి సమాజం ఒప్పుకునేది కాదు. బొట్టు, గాజులతో పాటు పూలూ తీసేయించేవారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు అక్కడ పెళ్లికూతురి తలలోకి తిరిగి వచ్చిన పువ్వు బజారులో ఎంత చవకదైనా ఆచారం దృష్టిలో చాలా ఖరీదైనది.

చేత్తో పట్టుకునే పూలగుత్తి, అంటే బొకే, మరో దారిన వచ్చింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో చర్చి మిషనరీ సొసైటీ పని మొదలుపెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో డెల్టా అంతటా తెలుగు క్రైస్తవ సంఘాలు ఏర్పడ్డాయి. 1840లో విక్టోరియా రాణి తెల్లని దుస్తులతో, నారింజ పూల అలంకారంతో పెళ్లి చేసుకున్నాక ఇంగ్లండులో తెల్లపూల మోజు పెరిగింది. మిషన్ చర్చిల ద్వారా ఆ పద్ధతి ఇక్కడికి చేరింది. చేరి, ఇక్కడి పూలతో రాజీ పడింది. తెల్ల చీరో గౌనో వేసుకున్న పెళ్లికూతురి చేతిలో గుత్తి, జడలో మల్లెలు, తర్వాత మెడలో దండ. చర్చిలో నడిచేటప్పుడు పూలు చేతిలో ఉండాలి, విందులో కూర్చున్నప్పుడు మెడలో ఉండాలి, రెంటికీ ఎవరికీ అభ్యంతరం లేదు. ముస్లిం పెళ్లిళ్లలో వరుడి ముఖం మీదికి జారే సెహ్రా మల్లెమొగ్గలతో, గులాబీలతో తయారవుతుంది. అన్ని మతాల పెళ్లిపూలకూ టోకు బజారు ఒకటే.

తెలుగు హిందూ పెళ్లిలోకి బొకే వచ్చింది ముహూర్తం ద్వారా కాదు, రిసెప్షన్ ద్వారా. ఇంటి ముందు పందిరి పోయి కల్యాణ మండపాలు వచ్చాయి. వచ్చినవాళ్లు వేదికెక్కి చేతిలో ఏదో ఒకటి పెట్టి ఫొటో దిగి దిగిపోవాలి. చదివింపుల కవరుతో పాటు బొకే ఇవ్వడం మర్యాదైంది. ఉద్యోగుల వీడ్కోలు సభలూ, నాయకుల పుట్టినరోజులూ ఆ అలవాటును ఇంకా పెంచాయి. గవర్నర్‌పేట చుట్టుపక్కల హోటళ్లూ హాళ్లూ ఉన్న వీధుల్లో దండల బడ్డీ పక్కన బొకే దుకాణం వచ్చింది. రెండూ పూలే అమ్ముతాయి గానీ వాటి లెక్క వేరు. దండల బడ్డీ మూరల్లో మాట్లాడుతుంది, బొకే దుకాణం కాడల్లో మాట్లాడుతుంది. 1990ల్లో బెంగళూరు, హొసూరు ప్రాంతాల్లో పాలీహౌసుల్లో పొడుగు కాడ గులాబీలు పెద్ద ఎత్తున పండించడం మొదలయ్యాక సుమారు 650 కిలోమీటర్ల దూరం నుంచి అవి రాత్రి బస్సుల్లో అట్టపెట్టెల్లో విజయవాడ రావడం మామూలైంది. దక్షిణాఫ్రికా మూలం ఉన్న జెర్బెరా, మధ్యధరా ప్రాంతపు కార్నేషన్ కూడా పాలీహౌసుల నుంచే. ఆర్కిడ్లు థాయ్‌లాండ్ నుంచి విమానంలో దిగుతాయి.

ఇక్కడే పెళ్లిపూల ఖర్చు స్వభావం మారింది. మల్లెపూవుకు దూరం పడదు. ఉదయం కోసింది రాత్రికి అయిపోవాలి, దగ్గరి తోటదే కావాలి. గులాబీకి, ఆర్కిడ్‌కు కాడ ఉంది, నీళ్లలో పెట్టొచ్చు, చల్లగా ఉంచొచ్చు. కాబట్టి దూరం నుంచి తెచ్చినా చెల్లుతుంది. ఆ దూరానికి కొనేవాడే డబ్బు కట్టాలి: ప్యాకింగు, రవాణా, చల్లదనం, దారిలో పాడైన వాటి నష్టం. తర్వాత వాటిని మండపం మీద నిలబెట్టడానికి ఆకుపచ్చని స్పాంజి ఇటుక ఒకటి కావాలి. 1954లో అమెరికాలోని ఒహాయోలో స్మిథర్స్ అనే వ్యాపారి కనిపెట్టిన ఈ పూలఫోమ్ నీళ్లు పీల్చుకుని కాడను నిలబెడుతుంది. దానితో గోడంత పూలతెరలూ, గుండ్రని కమానులూ సాధ్యమయ్యాయి. అది ప్లాస్టిక్ జాతిది, మట్టిలో కలవదు. లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో 2021 నుంచి దాన్ని నిషేధించారు. అరటిబోదెకు కాడ గుచ్చి నిలబెట్టిన పాత పద్ధతి మరుసటి రోజు ఎరువుగుంటలోకి పోయేది.

ధరను నడిపించే రెండో సంగతి పంచాంగం. గురు, శుక్ర మూఢాల్లో ముహూర్తాలు ఉండవు. ఆషాఢంలో, భాద్రపదంలో, ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఆగుతాయి. తోటకు మాత్రం పంచాంగం తెలియదు, రోజూ పూస్తూనే ఉంటుంది. మూఢం నాడు గుట్టలుగా పడి ఉన్న పువ్వు, మూఢం విడిచిన వారంలో ఒకే రోజున డెల్టా అంతా పెళ్లిళ్లు పెట్టుకుంటే దొరకదు. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం కూడా కలిస్తే చెప్పక్కర్లేదు. వైశాఖ, జ్యేష్ఠాల్లో మల్లె విరగబూస్తుంది కాబట్టి వేసవి పెళ్లికి జడ చవక. మాఘ, ఫాల్గుణాల్లో మల్లె తక్కువ, చేమంతి ఎక్కువ. ఆ నెలల్లో చేమంతి దండ వేసుకోవడమే తెలివి. పాతవాళ్లు ఇది లెక్కగా చెప్పలేదు గానీ, ఏ నెల పెళ్లికి ఏ పువ్వు అన్నది వాళ్ల ఫొటోల్లోనే తెలిసిపోతుంది. మాఘమాసపు అర్ధరాత్రి పెళ్లిలో మల్లెజడ పట్టుబట్టి వేయించడం కొత్తకాలపు సరదా. దానికి దూరం నుంచి పువ్వు రావాలి, లేదా కాగడా మల్లెలతో సరిపెట్టాలి.

సరిపెట్టడంలోనే పూలపని వాళ్ల ఊహ కనిపిస్తుంది. కాగడా మల్లెకు వాసన లేదు, కానీ తెల్లగా ఉంటుంది, వాడిపోవడం ఆలస్యం. అందుకే దండ బయట కాగడాలు పెట్టి, ముఖానికి దగ్గరగా వచ్చే చోట రెండు వరుసలు అసలు మల్లెలు కడతారు. లిల్లీ మొగ్గలను విచ్చకముందే కాడ తీసి గుచ్చితే ముత్యాల పేరులా కనిపిస్తుంది. గులాబీలు ప్రియమైన రోజున మొత్తం పువ్వు బదులు రేకులు విడదీసి మడిచి గుచ్చుతారు. కిలో పూలతో రెండు దండలు లావెక్కుతాయి. మరువం, దవనం, తులసి మధ్యలో వేస్తే వాసనా వస్తుంది, పూలూ మిగులుతాయి. గంగిరెద్దు తలంత కుచ్చు పెట్టి పైన పలచగా కట్టే దండ కూడా ఉంది. ఫొటోలో కుచ్చే పడుతుంది కాబట్టి దానికీ గిరాకీ ఉంది. మండపంలో కొబ్బరాకు, అరటిచెట్టు, మామిడి తోరణం తిరిగి వస్తున్నాయి. ఇప్పుడు వాటిని 'ట్రెడిషనల్ థీమ్' అని వేరే ధరకు ఇస్తున్నారు. ఊళ్లో మామ చెట్టెక్కి కోసుకొచ్చిన మట్టలకు ఈ పేరు ఉండేది కాదు.

జడ విషయంలోనూ చీలిక వచ్చింది. ముందురోజే కుట్టి పెట్టిన రెడీమేడ్ పూలజడను పిన్నులతో తగిలించడం ఇప్పుడు ఎక్కువ. గుడ్డపూలతో, ప్లాస్టిక్ మల్లెలతో చేసిన జడలు అద్దెకు కూడా దొరుకుతాయి. అసలు పూలజడ బరువుకు మెడ నొప్పి పుడుతుందన్నది నిజమే. గుడ్డజడ తేలిక, వాడదు, చెల్లెలి పెళ్లికీ పనికొస్తుంది. వాసన ఒక్కటే రాదు. ఆ లోటు తీర్చడానికి గుడ్డజడ మొదట్లో ఒక మూర మల్లెలు చుట్టడం మామూలైపోయింది.

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనప్పుడు మల్లె కాపు మొదలయ్యే కాలం. గుళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. తర్వాత 50 మందికి మించకుండా జరుపుకోమని అనుమతి వచ్చింది. కోయకపోతే చెట్టు పాడవుతుంది, కోస్తే కొనేవాడు లేడు, కోతకూలి రైతు చేతి నుంచే. ఆ వేసవిలో జరిగిన కొద్ది పెళ్లిళ్లు మాత్రం చాలా కాలం తర్వాత పెరటి పూలతో జరిగాయి.

వాడిన పూలకు కూడా ఇటీవల ఒక దారి ఏర్పడింది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో వాడిన పూలతో అగరుబత్తీలు తయారుచేయించడం మొదలుపెట్టింది. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో కలిసి ఎండబెట్టిన పూలతో పటాలు, వస్తువులు చేయిస్తోంది. అది దేవుడి పూలకు. కల్యాణ మండపాల్లో తెల్లారేసరికి తీసేసే పూలగోడలు ఇంకా చెత్తబండికే పోతున్నాయి, ఫోముతో సహా.

వధూవరుల మెడలోని దండలను మాత్రం చెత్తలో వేయరు. కాలికింద పడకూడదని పారే నీళ్లలో వదలడమో, పెరటిచెట్టు కొమ్మకు వేయడమో ఆచారం. గవర్నర్‌పేట అపార్ట్‌మెంట్లలో చెట్టు లేదు కాబట్టి పెళ్లయిన వారం దాకా అవి బాల్కనీ గ్రిల్లుకు వేలాడుతుంటాయి.